నిదానం నేర్చుకున్న ఇల్లు

ఊళ్ళో ఏ ఇల్లు ఎప్పుడు ఖాళీ అవుతుందో రంగుల మేస్త్రికి తెలిసినంతగా బ్రోకర్లకు కూడా తెలియదు. ఒకరు సామాను సర్దుకుని వెళ్ళిపోయాక, ఇంకొకరు సామాను దించకముందు, ఆ మధ్య నాలుగు రోజులూ ఇల్లు అతనిదే. పాతవాళ్ళు కొట్టిన మేకుల కన్నాలు లప్పంతో పూడ్చాలి. వాళ్ళ పిల్లలు గోడల మీద గీసిన ఏనుగుల్నీ విమానాల్నీ గరుకు కాగితంతో రుద్దెయ్యాలి. వంటింటి జిడ్డు కడిగి, రెండు కోట్లు వేసి, తాళం ఇచ్చెయ్యాలి. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. ఇన్ని ఇళ్ళు చూసినవాడికి కొడుకు కోసం ఒక్క అద్దె ఇల్లు దొరకలేదంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వారు కూడా.

కొడుక్కి పాతికేళ్ళు దాటాయి. డాక్టర్లు వాడి తీరుకి ఏదో పొడుగాటి పేరు పెట్టారు, అది మేస్త్రికి నోరు తిరగలేదు. వాళ్ళమ్మ దాన్ని ఒక్క మాటలో తేల్చేసింది. "వాడికి రాదని కాదు, నిదానంగా వస్తుంది" అనేది, అడిగినవాళ్ళతోనూ, అడగనివాళ్ళతోనూ. ఆ మాట వీధంతా పాకి చివరికి వాడి పేరే నిదానం అయిపోయింది. "ఒరే నిదానం" అని ఎవరైనా పిలిస్తే వాడు ఆగి, వెనక్కి తిరిగి, పిలిచిందెవరో తేల్చుకుని, అప్పుడు నవ్వేవాడు. ఈలోగా పిలిచినవాడు సందు మలుపు తిరిగిపోయేవాడు. అయినా వాడి నవ్వు ఆగేది కాదు, ఎవరో ఒకరికి అందేదాకా మొహం మీదే ఉండేది.

తల్లి ఉన్న రోజుల్లో నిదానం ఒక్కడే స్నానం చేసేవాడు, పాలు కాచేవాడు, తలుపు గడియ పెట్టుకునేవాడు. కొడుకు ఓ దారిన పడ్డాడని మేస్త్రి నిశ్చింతగా ఉన్నాడు. ఆమె పోయిన ఏడాదే ఇంటివాళ్ళు పాత ఇల్లు కూలగొట్టి కొత్తది కట్టుకుంటామన్నారు. తండ్రీ కొడుకులు రెండు వీధుల అవతలికి మారారు. మర్నాడు పొద్దున్న ఎంతసేపటికీ కొడుకు రాకపోతే మేస్త్రి స్నానాల గదిలోకి తొంగిచూశాడు. నిదానం చొక్కా విప్పుకుని కుళాయి ముందు కూర్చుని ఉన్నాడు. ఆ కుళాయి కిందికి నొక్కేది. వాడికి వచ్చింది పక్కకి తిప్పడం. పక్కకి తిప్పుతూనే ఉన్నాడు, అరచెయ్యి కందిపోయింది.

వాడు నేర్చుకున్నది కుళాయి తిప్పడం కాదు, ఆ కుళాయి తిప్పడం. పొయ్యి కాదు, ఆ పొయ్యి. తలుపు కాదు, ఆ తలుపు. మనబోటివాళ్ళకి ఒక ఇల్లు తెలిస్తే ప్రపంచంలో ఉన్న ఇళ్ళన్నీ తెలిసిపోయినట్టే. వాడికి ఒక్కో ఇల్లూ ఒక్కో చదువు. తల్లి ఏళ్ళ తరబడి పక్కన కూర్చుని చెప్పిన చదువంతా ఆ పాతింటి గోడలతో పాటే కూలిపోయింది. మేస్త్రి మళ్ళీ అక్షరాల దగ్గర నుంచి మొదలుపెట్టాడు. ఆమెకున్న ఓపికలో సగం కూడా లేదు అతనికి. కసురుకుంటూ నేర్పేవాడు, కసురుకున్నందుకు పెరట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకునేవాడు.

అంతలో ఊపిరి తిరగబడింది. ముప్ఫై ఏళ్ళ రంగుల ఘాటూ, లప్పం దుమ్మూ లోపల తిష్ఠ వేశాయి. నిచ్చెన నాలుగు మెట్లెక్కితే దగ్గు తెర ఆగేది కాదు. డాక్టరు చెప్పాల్సింది చెప్పాడు, మేస్త్రి వినాల్సింది విన్నాడు. చావంటే అతనికి పెద్ద భయం లేదు. భయమల్లా ఒక్కటే, తను పోయాక కొడుకుని ఎవరో తీసుకెళ్ళి ఎక్కడో పెడితే, అక్కడ వాడు మళ్ళీ ఏ కుళాయి ముందో చొక్కా విప్పుకుని కూర్చుంటాడు. అప్పుడు తొంగిచూసేవాళ్ళు ఎవరు?

నిదానం పగటిపూట అట్టపెట్టెలు మడిచే ఒక కేంద్రానికి వెళ్ళేవాడు. వాడిలాంటి పిల్లలు పదిమంది దాకా అక్కడ పనిచేస్తారు. ఆ కేంద్రం మేడంగారు మేస్త్రికి ఒక దారి చూపించింది. "ఇద్దరైనా కలిసి ఒక ఇంట్లో ఉంటే పొద్దునా సాయంత్రమూ మా మనిషిని పంపిస్తాం. వంటా మందులూ అన్నీ చూసుకుంటుంది. ఒక్కరి కోసమైతే పంపలేం. ఇల్లు మాత్రం మీరే వెతుక్కోవాలి" అంది.

రెండోవాడు దొరకడం కష్టం కాలేదు. నిదానం పక్కన కూర్చుని పెట్టెలు మడిచే కుర్రాడు ఒకడున్నాడు. ఏం చెప్పినా "సరే" అంటాడు, అందుకని సరేబాబు. వర్షం వస్తోందన్నా సరే, తగ్గిందన్నా సరే. వాళ్ళమ్మ బట్టలు కుడుతుంది, మొగుడు ఎప్పుడో మొహం చాటేశాడు. మేస్త్రి ఈ సంగతి చెప్పగానే ఆమె మిషను ఆపి, "ఇల్లు చూడు అన్నయ్యా. నా కొడుకు సరే అంటాడని నీకు తెలుసుగా" అని నవ్వింది. నవ్వుతూనే పమిటతో కళ్ళొత్తుకుంది.

అక్కణ్ణుంచి మేస్త్రి కాళ్ళరిగేలా తిరిగాడు. అతను అడిగింది ఒక్కటే, పదేళ్ళు ఖాళీ చెయ్యమనకూడదు. ఏడాదికోసారి మార్చే ఇళ్ళు నిదానానికి పనికిరావు, వాడికి ఇల్లు అలవాటయ్యేసరికే ఏడాది గడిచిపోతుంది. బ్రోకరు తల పట్టుకున్నాడు. "మేస్త్రీ, ముందు ఏడాదని చెప్పు, తర్వాత సంగతి తర్వాత. మొదటి రోజే పదేళ్ళంటే పెళ్ళికొడుకైనా పారిపోతాడు" అన్నాడు.

ఇళ్ళవాళ్ళు రకరకాలు. ఒకాయన ఇది అంటుకునే జబ్బా అని అడిగాడు. ఒకావిడ, పిల్లలు మంచివాళ్ళేగానీ పైవాటావాళ్ళు ఏమనుకుంటారోనని నీళ్ళు నమిలింది. పైవాటావాళ్ళని అడిగితే, మాకేం అభ్యంతరం లేదు, ఆవిడే ఒప్పుకోదన్నారు. ఇంకొకాయన కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఇలాంటి తండ్రులు ఉండబట్టే లోకం నిలబడిందని మేస్త్రి చెయ్యి పట్టుకుని మరీ పొగిడి, గేటుదాకా సాగనంపి గడియ పెట్టుకున్నాడు. తిట్టినవాళ్ళు ఇల్లు ఇవ్వలేదు, పొగిడినవాళ్ళూ ఇవ్వలేదు. తిట్టినవాళ్ళే నయం, తొందరగా వదిలేసేవారు.

అలాంటప్పుడు ఒక పెద్దావిడ తన ఇంటి కిందివాటాకి రంగులెయ్యమని కబురు పెట్టింది. రెండు గదులు, వంటిల్లు, వెనక చిన్న వసారా. ఆవిడ పైన ఒంటరిగా ఉంటుంది. కేంద్రానికి సెలవు కావడంతో ఆ రోజు నిదానం కూడా తండ్రితో వచ్చి వసారా మెట్టు మీద కూర్చున్నాడు. ఆవిడ వచ్చి పక్కన కూర్చుని ఏదో అడిగింది. వాడి జవాబు కోసం ఆగింది. చాలామంది ఆగరు, ఇంకో ప్రశ్న వేసేస్తారు. ఆవిడ అలాగే కూర్చుంది, జవాబు వచ్చేదాకా.

సాయంత్రం మేస్త్రి బ్రష్షులు కడుగుతూ, అడగనా వద్దా అని నలిగి నలిగి, చివరికి అడిగేశాడు. ఆవిడ పెద్దగా ఆలోచించలేదు.

"ఉండనీవయ్యా. నాకూ కింద మనుషుల అలికిడి ఉంటుంది."

"పదేళ్ళమ్మా."

"నేనే పదేళ్ళుంటానో లేదో. ఉన్నంతకాలం ఎవరూ కదపరులే. మా అమ్మాయి వచ్చాక కాగితం రాసుకుందాం."

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. కూతురు రావడానికి ఇంకా నెలలున్నాయి. ఇంకెవరైనా అయితే కాగితం చేతికొచ్చేదాకా ఆగి, అప్పుడు సామాను దించుతారు. మేస్త్రి ఆగలేదు, కొడుక్కి ఆ ఇల్లు నేర్పడం మొదలుపెట్టాడు. తప్పు చేశాడనండి, తొందరపడ్డాడనండి. కుట్టుపనామె చెప్పింది కూడా, "అన్నయ్యా, సంతకం పడనీ" అని. "సంతకం పడ్డాక మొదలుపెడితే వీడికి ఇల్లు రావడానికి ఇంకో ఏడాది పడుతుందమ్మా. నా దగ్గర అంత టైం లేదు" అన్నాడు.

ఇంటామెని అడిగి రంగుల పనిని పాఠాల పని చేసేశాడు. రోజుకో గోడ, అదీ సగం. ఒక కోటు సరిపోయేచోట మూడు వేశాడు. సాయంత్రం కేంద్రం నుంచి కుర్రాళ్ళిద్దర్నీ తీసుకొచ్చి ఇల్లు నేర్పేవాడు. వంటింటికి పసుపు రంగు వేశాడు, అక్కడ నిప్పుంటుందని గుర్తుగా. పడకగది నుంచి స్నానాల గది దాకా గోడ వెంట భుజం ఎత్తులో నీలం పట్టీ గీశాడు, చెయ్యి ఆనించి నడిస్తే దారి తప్పకుండా. వేడినీళ్ళ కుళాయికి ఎర్రచుక్క పెట్టాడు. ఇంటామె మెట్ల మీద నిలబడి, "ఏమయ్యా, రంగేస్తున్నావా, ఇల్లు కడుతున్నావా?" అనేది. "మంచి రంగు ఆరడానికి టైం పడుతుందమ్మా" అనేవాడు మేస్త్రి. ఆవిడకి అంతా తెలుసు, ఊరికే ఆటపట్టించేది.

సరేబాబు తొందరగా పట్టేశాడు. నిదానం పేరుకి తగ్గట్టే నడిచాడు. ఒక వారం పొయ్యి వచ్చేది, తర్వాతి వారం పోయేది. కానీ ఈసారి మేస్త్రి కసురుకోలేదు. ఇక్కడ వాడు నేర్చుకునేది వృథా పోదని నమ్మాడు కాబట్టి, ఎక్కణ్ణుంచి వచ్చిందో, వాళ్ళమ్మ ఓపిక అతనికి వచ్చింది. నెమ్మదిగా ఒక్కొక్కటే వాడి చేతుల్లో కుదురుకుంది. ఒకరోజు నిదానం టీ కాచి ఇంటామెకి పట్టుకెళ్ళి ఇచ్చాడు. చక్కెర పోసిన పద్ధతి చూస్తే పానకం అనాలి దాన్ని. ఆవిడ చివరి గుక్క దాకా తాగి, "నాకు డాక్టరు చక్కెర మానెయ్యమన్నాడు. ఇవాళ వదిలెయ్యి" అని మేస్త్రితో గుసగుసగా చెప్పింది.

ఆఖరి పాఠం దారి. కేంద్రం నుంచి ఆ ఇంటికి ఒంటరిగా రావాలి. మేస్త్రి వీధి చివర కిరాణా కొట్టు పక్కన నక్కి చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపటికీ రాలేదు. వచ్చాడు చివరికి. మెళ్ళో తాడుకి కట్టిన తాళంచెవి చేత్తో పట్టుకుని, ఎవరి పలకరింపులకీ తిరక్కుండా, నోట్లో దారి చెప్పుకుంటూ వచ్చాడు. కాళ్ళు తుడుచుకున్నాడు. తాళంచెవి దూర్చి కుడికి తిప్పాడు. లోపలికెళ్ళి గడియ పెట్టుకున్నాడు. మేస్త్రి కొట్టు అరుగు మీద కూలబడి దగ్గుతూ నవ్వాడు. ఆ రోజు అతను చచ్చిపోయినా సంతోషంగానే పోయేవాడు, ఆ మాట కొట్టువాడితో అన్నాడు కూడా.

ఇంటామె కూతురు వచ్చింది. చెడ్డమనిషి కాదు. తిట్టుకుందామంటే మేస్త్రికి నోరు రాలేదు. తల్లి ఈ మధ్య ఒకటి రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయిందని తెలిసి బెంగతో వచ్చింది, తనతో తీసుకుపోతానంది.

"రేపు అమ్మకి పెద్ద వైద్యం అవసరమైతే ఈ ఇల్లు అమ్మే చేయించాలండీ. పదేళ్ళు రాసిచ్చిన ఇల్లు ఎవరు కొంటారు? ఏడాదికైతే ఇస్తాను. అంతకుమించి నన్ను అడక్కండి" అంది.

పెద్దావిడ పక్కనే కూర్చుని చేతివేళ్ళు చూసుకుంటోంది. "నేను మాటిచ్చానే" అని ఒక్కసారి అంది. కూతురు ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

మేస్త్రి కుట్టుపనామె దగ్గరికి వెళ్ళాడు. ఏడాదైనా తీసుకుందాం, ఈలోగా ఆ కూతురి మనసు మారుతుందేమో అన్నాడు. ఆమె గుడ్డకి అంచు మడుస్తూనే చెప్పింది.

"నావల్ల కాదన్నయ్యా. దూరంగా పెద్ద హాస్టలొకటి ఉంది, ఒక మంచం ఖాళీ అయింది. హాలు నిండా మంచాలే, ఇల్లులాగా ఉండదు. కానీ అక్కణ్ణుంచి ఎవరూ పొమ్మనరు. ఈసారి వదిలేస్తే మళ్ళీ దొరకదు."

"వాడికి చెప్పావా?"

"చెప్పాను. సరే అన్నాడు."

అలా సరేబాబు వెళ్ళిపోయాడు. ఒక్కడి కోసం కేంద్రం మనిషిని పంపదు. మనిషి లేకుండా నిదానాన్ని ఒంటరిగా ఉంచడానికి మేస్త్రికి ధైర్యం చాలలేదు. ఏడాది ఇల్లు కూడా చేజారింది. కిందివాటాకి ఎవరో చంటిపిల్లతో ఉన్న దంపతులు కుదిరారు. వాళ్ళకి తెల్లరంగు కావాలట, ఈ పసుపూ నీలం పట్టీ ఏమిటని అడిగారట. పని ఇంకెవరికో చెప్పుకోమని అనొచ్చు మేస్త్రి. అనలేదు. నీలం పట్టీని వేరేవాడెవడో గీకడం ఊహించుకోలేకపోయాడు. తనే వెళ్ళాడు. గీకాడు, రుద్దాడు, తెల్లరంగు వేశాడు. పసుపు మొండిది, రెండో కోటుకి కూడా కింద నుంచి కనబడుతూనే ఉంది. మూడోది వేస్తూ వేస్తూ నిచ్చెన దిగి, ఖాళీ వంటింట్లో కూర్చుని పెద్దగా ఏడ్చాడు. పెద్దావిడని కూతురు అప్పటికే తీసుకుపోయింది, పైవాటాలో కూడా వినేవాళ్ళు లేరు.

ఇంటామె కూతురు తాళంచెవుల కోసం వచ్చినప్పుడు ఒకటి పోయిందని అబద్ధమాడాడు. కొడుకు మెళ్ళోంచి దాన్ని తియ్యడానికి చేతులు రాలేదు. కూతురు తాళం మార్పించేసింది.

ఇక్కడే మేస్త్రి ఊహించనిది ఎదురైంది. నిదానంగా వచ్చిన చదువు నిదానంగానే పోతుంది. తండ్రి ఎన్నిసార్లు చెప్పినా సాయంత్రం కేంద్రం నుంచి నిదానం కాళ్ళు ఆ ఇంటివైపే నడిచేవి. తప్పకుండా చేరేవాడు, కాళ్ళు తుడుచుకునేవాడు, తాళంచెవి దూర్చేవాడు. మొదటిరోజు లోపలున్న చంటిపిల్ల తల్లి హడలిపోయింది. తర్వాత సంగతి తెలుసుకుని, వాణ్ణి మెట్టు మీద కూర్చోమని మేస్త్రికి ఫోను చేసేది. చేతిలో పని ముగించుకుని అతను ఆయాసపడుతూ బయల్దేరేవాడు. కొడుకుని రోజూ కేంద్రం దగ్గరే కలుసుకోవచ్చుగా అంటారేమో, పని మధ్యలో దిగి వెళ్ళే మేస్త్రిని ఎవరు పిలుస్తారు?

ఒక సాయంత్రం వెళ్ళేసరికి నిదానం కూర్చుని లేడు. తలుపు ముందు నిలబడి తాళంచెవి తిప్పడానికి చూస్తున్నాడు. నుదుటి మీద చెమట. లోపల చంటిది ఏడుస్తోంది.

"నాన్నా, రావట్లేదు."

"రాదురా. తాళం మార్చేశారు."

"కుడికే తిప్పాను."

"కుడికే తిప్పావు. నీ తప్పేం లేదు."

నిదానం తాళంచెవిని తీసి, చొక్కాకి తుడిచి, మళ్ళీ దూర్చాడు. "మళ్ళీ నేర్పు. ఈసారి తొందరగా నేర్చుకుంటా. పొయ్యి కూడా వచ్చు నాకు. చక్కెర తక్కువ వేస్తా."

ఇల్లు పోయింది తనకి సరిగ్గా రాకపోవడం వల్లేనని వాడు ఇన్నాళ్ళూ అనుకుంటున్నాడన్నమాట. మేస్త్రి కొడుకు రెండు భుజాలూ పట్టుకుని తనవైపు తిప్పుకున్నాడు.

"నీకు అన్నీ వచ్చురా. అందరికన్నా బాగా వచ్చు. ఎంత వచ్చినా ఇది మనిల్లు కాదు నాన్నా. వాళ్ళది. మనకివ్వలేదు."

నిదానం ఆలోచించాడు. మేస్త్రి ఆగాడు. ఆగడం అతనికి అలవాటే. లోపల ఏడుపు సద్దుమణిగింది. చీకటిపడుతోందని చంటిపిల్ల తల్లి వసారాలో లైటు వేసి, తలుపు తియ్యకుండా లోపలికి వెళ్ళిపోయింది.

"మరి నాకెందుకు నేర్పావు?"

ఆ ఏడాదంతా ఇళ్ళవాళ్ళు అడిగిన ప్రతిదానికీ మేస్త్రి ఏదో ఒక జవాబు చెప్పాడు. ఈసారి ఊపిరి అందక మెట్టు మీద కూర్చున్నాడు. నాన్నకి వినపడలేదనుకున్నాడు నిదానం. వచ్చి పక్కన కూర్చుని, మాట మాటా విడదీసి, ఇంకోసారి అడిగాడు.